మాస్టారి ఉప్పునీటి తొట్టి

కెమిస్ట్రీ మాస్టారు కాలేజీ నుంచి రాగానే ఉప్పునీటి చేపల తొట్టి ముందు కూలబడతారు. దుమ్ము పడుతుందని కిటికీలన్నీ బిగించి, ముక్కు అద్దానికి ఆనించి, పీహెచ్ మీటరు నీళ్లలో ముంచుతారు. ఎనిమిది పాయింట్ రెండు ఉండాల్సిన అంకె ఏడు పాయింట్ ఎనిమిదికి దిగి ఉంటుంది. అంటే నీళ్లకు పులుపెక్కుతోందన్నమాట. "ముప్పై ఏళ్లుగా ఆమ్లాలూ క్షారాలూ చెబుతున్న మొహం! తొట్టెడు నీళ్లు నా మాట వినవు," అని తనను తానే దెప్పుకుంటూ పులుపు విరిచే పొడి చెంచాడు కలుపుతారు. డబ్బాలు ఖాళీ అవుతున్నాయి గానీ అంకె కదలదు. నారింజరంగు చేప మేత ముట్టడం మానేసింది.

పేపర్లు దిద్దడానికి నాలుగు రోజులు పొరుగూరు వెళ్లొచ్చి చూస్తే, మీటరు ఎనిమిది పాయింట్ రెండు దగ్గర నిలిచి ఉంది. చేప చలాకీగా తిరుగుతోంది.

"ఏ పొడి వేశావు?" అని భార్యను అడిగారు.

"పొడీ లేదు, గిడీ లేదు. మీరు లేరు కదా అని హాయిగా కిటికీలు తీసి పెట్టానండీ."

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. మనం వదిలే ఊపిరి కలిస్తే నీళ్లు ఆమ్లమవుతాయని, ఏటా క్లాసులో గ్లాసులోకి గొట్టంతో ఊది మరీ చూపించేది ఆయనే.

"అయితే ఇన్నాళ్లూ వీటికి పట్టిన పీడను నేనేనన్నమాట!"

ఆనాటి నుంచి మాస్టారు కిటికీ అవతల, వరండాలో కుర్చీ వేసుకుని చేపలను చూస్తున్నారు.