జనరేటర్ వెయ్యమన్నది నేనే

మా బావగారి ధ్యానం కథ భీమవరం చుట్టుపక్కల వినని రొయ్యల రైతు ఉండడు. విననివాళ్లు ఎవరైనా మిగిలితే పిలిచి మరీ చెప్పాను కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. అందులో సగం అబద్ధమని చెప్పడానికి ఇప్పుడు ఇది రాస్తున్నాను.

బావగారంటే మా అక్క భర్త. ఆయన చెరువూ నా చెరువూ పక్కపక్కనే ఉంటాయి. రొయ్యల చెరువులో నీళ్లకు గాలి అందించడానికి ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. రాత్రి కరెంటు పోయి అవి ఆగితే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. అందుకని మాకు మోటార్ల చప్పుడు వినపడుతున్నంతసేపే నిద్ర. చప్పుడు ఆగిందంటే కళ్లు తెరవకముందే కాళ్లు జనరేటర్ వైపు పరుగెడతాయి.

ఆయనకు బీపీ పెరిగి, నిద్ర తగ్గింది. ఊళ్లో ఒక రిటైరైన సంగీతం టీచరు గారు ఆదివారాలు కల్యాణమండపం మేడమీద నాద ధ్యానం చేయిస్తున్నారని మా అక్క విని వచ్చింది. బావగారికి తోడుగా వెళ్లమని నన్ను పురమాయించింది.

"అక్కడేం చెయ్యాలే?" అన్నాను.

"ఏం చెయ్యక్కర్లేదు, పడుకోవాలి. ఆ మాత్రం నీకు వచ్చు కదరా."

వెళ్లాం. హాల్లో కర్టెన్లు దించేసి, వరసగా చాపలు పరిచారు. లెక్చరర్లు, బ్యాంకు వాళ్లు, ఒక రైసుమిల్లు ఆయన వెల్లకిలా పడుకున్నారు. టీచరు గారు గుడ్డ చుట్టిన కర్రతో పెద్ద కంచు గిన్నెను మెల్లగా కొట్టారు. గుమ్మ్‌మని నాదం లేచింది. మేమంతా పెదవులు మూసుకుని దానితో పాటు 'మ్' అంటూ శ్రుతి కలపాలి. అంతమంది ఒక్కసారిగా అందుకునేసరికి, నా ప్రాణానికి అది అచ్చం ఏరేటర్ల చప్పుడులాగే ఉంది. ఇన్ని మోటార్లు తిరుగుతుంటే ఇక భయమేముంది? హాయిగా నిద్రపోయాను. పక్కచాప మీద బావగారు నాకంటే ముందే నిద్రపోయారు.

ఈ ధ్యానంలో చివర నాదం ఆపేస్తారు. ఆ నిశ్శబ్దాన్ని అనుభవించడమే ఫలం అని టీచరు గారు ముందే చెప్పారు. చెప్పారుగానీ, మా ఇద్దరికీ నిశ్శబ్దం అంటే ఏమిటో ఆవిడకు తెలియదు.

నాదం ఆగింది.

"కరెంటు పోయింది! జనరేటర్ వెయ్యండ్రా!"

అలా అరిచింది నేను. అరిచి లేచి కూర్చుని కళ్లు తెరిస్తే, ఎదురుగా కర్టెన్లు, పక్కన గిన్నె. సంగతి అర్థమైంది. వెంటనే వెనక్కి పడుకుని తువ్వాలు ముఖం మీదికి లాక్కుని, అంచు సందులోంచి చూశాను. ఈలోపల నా కేక విన్న బావగారు లేచి పరుగు తీశారు. మా అక్క కొన్న ట్రాక్ ప్యాంటులో ఉన్నారు కదా, ఎగ్గట్టడానికి లుంగీ కోసం నడుమంతా తడుముకుంటూ గుమ్మం దగ్గరికెళ్లి, చేతికందిన స్విచ్చులన్నీ వేసేశారు. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. జనం కళ్లు తెరిచేసరికి లేచి నిలబడ్డవారు ఆయనొక్కరే.

"ఏంటండీ, రొయ్యలు బానే ఉన్నాయా?" అన్నారెవరో. హాలంతా నవ్వు. తువ్వాలు కింద నేనూ నవ్వాను.

ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ ఈ కథ చెప్పాను. అరుపు ఆయనదే చేశాను. పరుగులో రైసుమిల్లు ఆయన పొట్ట తొక్కారని కూడా కలిపాను. అదీ కల్పితమే. ఆ పొట్ట అసలు ఆ వరసలోనే లేదు.

బావగారు మళ్లీ ధ్యానానికి రాలేదు. సిగ్గుపడ్డారు, అంతే అనుకున్నాను. తణుకులో వాళ్ల చుట్టాల పెళ్లికి వెళ్లి వచ్చాక మా అక్క మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

"విడిదింట్లో మంచం వేస్తే పడుకోలేదురా. వరండాలో కుర్చీలో కూర్చుని తెల్లారబెట్టారు. ఏంటండీ అంటే, నిద్రలో ఏం అరుస్తానో నాకే తెలీదే, నలుగురిలో పడుకోలేను అంటున్నారు. ఇప్పుడు ఇంట్లోనూ నిద్రలేదు. తనకేదో తేడా చేస్తోందని భయం పట్టుకుంది."

ఆ మాట విన్నాక చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. తాను అరిచినట్టు గుర్తులేకపోయినా, అందరూ అంటున్నారు కదా అని ఆయన నమ్మేశారు. ఆ 'అందరూ' నేనే.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్లాను. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి ఆయన ట్రే పైకి లాగుతున్నారు.

"బావగారూ, ఆ రోజు హాల్లో అరిచింది మీరు కాదండి."

"మరెవరు?"

"నేనండి."

ట్రే నీళ్లలోకి జారిపోయింది. "మరి నేను పరిగెత్తానుగా?"

"నా కేక విని పరిగెత్తారు."

"అయితే నిద్రలో నేనేం వాగలేదన్నమాట."

"లేదండి. గురక మాత్రం పెట్టారు."

ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. కళ్లు తుడుచుకుంటున్నారేమో అనుకుని దగ్గరికి వెళ్లబోయాను.

"ఒరేయ్, నడుం పట్టుకుని లుంగీ వెతుక్కోవడం యాక్టింగ్ చేసి మరీ చూపించావటగా!"

"అది మాత్రం నిజమేనండి, వెతుక్కున్నారు."

"నోర్ముయ్."

జారిపోయిన ట్రేని మళ్లీ పైకి లాగారు. తర్వాత అన్నారు: "ఆదివారం వస్తాను. హాల్లో అందరి ముందూ నిజం చెప్తావు. ఇంకోటి, నువ్వు పడుకోకూడదు. నేను పడుకుంటే నువ్వు కాపలా."

చెప్పాను. రైసుమిల్లు ఆయన "నా పొట్ట సంగతి కూడా చెప్పండి" అన్నారు. అదీ చెప్పాను. టీచరు గారు మాత్రం నవ్వలేదు. ఇకమీదట నాదం ఒక్కసారిగా ఆపకుండా కొంచెం కొంచెంగా తగ్గిస్తానన్నారు.

అప్పటినుంచి ఆదివారాలు అందరూ కళ్లు మూసుకుంటారు, నేను తెరుచుకుని కూర్చుంటాను. మనసు ప్రశాంతంగా ఉందా అని టీచరు గారు అందరినీ అడుగుతారుగానీ, నన్ను అడగరు.

ఆ మొదటి ఆదివారం నాదం సన్నగిల్లి సన్నగిల్లి పూర్తిగా ఆగిపోయినప్పుడు నేను పక్కచాప వైపు వంగాను. బావగారు కదిలారు. చెయ్యి నడుం మీదికి వెళ్లింది. ఒక కన్ను కొంచెం తెరిచి నా వైపు చూశారు.

"కరెంటుందా?"

"ఉందండి. పడుకోండి."

అటు తిరిగి పడుకున్నారు.