రాగి కోసం దిగిన బోరు

మా అక్కవాళ్ళ ఊళ్ళో భూమిలోకి ఏ మిషను దిగినా అది నీళ్ళ కోసమే. పొదిలికి అవతల, అన్నీ మెట్ట పొలాలు. అక్కడి జనం బోరు బండి మోత విని అది ఎవరి చేలో ఆగబోతోందో చెప్పగలరు. ఇంకో పనికి కూడా భూమికి బెజ్జం పెడతారని వాళ్ళకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్ళు కాదు.

అక్కకి భర్త లేడు. మూడెకరాల మిరప, ఒక్క బోరు. నిరుడు కార్తీకం వెళ్ళేసరికే ఆ బోరు దగ్గడం మొదలుపెట్టింది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. చెట్టు చూస్తే పూతా పిందెతో ఉంది. ఆ దశలో తడి తప్పితే పూత రాలిపోతుంది, ఆ పైన ఎన్ని మందులు కొట్టినా దండగ. సరిగ్గా అప్పుడు ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, చేలో బీడు వదిలిన మూలలో పరీక్షకి బోరు వేసుకుంటామని అడిగారు. కింద రాగి ఉందేమో చూస్తారట. ఎలక్ట్రిక్ బళ్ళు పెరిగిపోయి ఎంత రాగి తవ్వినా చాలడం లేదట. అక్క అంతా విన్నది. ఆమె చెవికెక్కిన మాట మాత్రం ఒక్కటే, బోరు.

సరేనన్నాక నాకు ఫోన్ చేసింది. నేను ఒంగోలులో డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఎవరికైనా మాట ఇచ్చే ముందు నాకు ఫోన్ చేయమని మా ఇంటిల్లిపాదికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. నాలుగు తిట్టి, నీళ్ళు పడితే అవి ఎవరివో అడిగావా అన్నాను. అక్క నవ్వింది.

"నా చేలో పడ్డ నీళ్ళు ఇంకెవరియ్యే? అది కూడా అడుగుతారా ఎవరన్నా?"

ఆమెను అనడానికి లేదు. అక్కడ పద్ధతే అది. రోడ్డు కాంట్రాక్టరు పని కోసం బోరు వేసుకున్నా, పని అయ్యాక అది చేను గలవాళ్ళకే వదిలిపోతాడు. అడగడమంటే అవతలివాణ్ణి దొంగని అనుమానించడమే.

ఆదివారం నా ఎలక్ట్రిక్ స్కూటర్ మీద వెళ్ళాను. అప్పటికి మిషను దిగి కొన్నాళ్ళయింది. మామూలు బోరు లారీలో సగం కూడా లేదు. దుమ్ము లేదు, చెవులు చిల్లులు పడే మోత లేదు. దాని ఇనప కాళ్ళకి అక్క మొదటి రోజు పెట్టిన పసుపూ కుంకుమా అట్టకట్టి ఉన్నాయి. కొబ్బరికాయ కొడుతుంటే పనివాళ్ళు చెప్పులు విప్పి నిలబడ్డారని, మంచి మనుషులని అక్క మెచ్చుకుంది. గట్టు మీద కూర్చున్న ఊరివాళ్ళు ఉండుండి "ఏమ్మా, పడ్డాయా?" అని కేకేస్తున్నారు. రాగి పడిందా అని ఒక్కరూ అడగలేదు.

నాకు కడుపు మండింది వేరే దానికి. ఆ మిషనుకి నీళ్ళు పెట్టాలి. రాయిని కోసే బిట్టు వేడెక్కి కాలిపోకుండా పైనుంచి నీళ్ళు పంపుతూనే ఉండాలి. ఆ నీళ్ళని ట్యాంకరులో, వాడిపోతున్న మిరప పక్కనుంచే తోలుకొచ్చి భూమిలో పోస్తున్నారు. రాళ్ళు పగలగొట్టి నీళ్ళు తీయడం చూశాను గానీ, నీళ్ళు పోసి రాళ్ళు తీయడం అదే చూడటం. ఆ రాయి చెరకు గడల్లా గుండ్రంగా, పొడుగ్గా వస్తోంది. వాటిని పెట్టెల్లో పేర్చుకుని, కంపెనీ జియాలజిస్టు ఒకడు భూతద్దంతో చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదస్తుడే. అదే నాకు చిరాకు. మర్యాదస్తులతో పోట్లాట సగంలోనే చప్పబడిపోతుంది.

మధ్యాహ్నం దాటాక లోపల ఏదో పగులు తగిలినట్టుంది. గొట్టాలు పైకి లాగుతుంటే బెజ్జం నోట్లోంచి నీళ్ళు పొంగాయి. మొదట బురద, తర్వాత తేట నీళ్ళు. ధార పెద్దది కాదు గానీ ఆగలేదు. గట్టు మీదివాళ్ళంతా లేచి వచ్చారు. అక్క దోసిలి పట్టి తాగి, "ఉప్పు లేవే" అంది నాతో. ఆ మొహంలో అంత వెలుగు మా బావ పోయాక నేను చూడలేదు.

జియాలజిస్టుకి మాత్రం అది సంతోషం కాదు, పనికి అడ్డం. తమకి కావలసిన లోతు అయిపోయిందని, రేపు పొద్దున బెజ్జాన్ని సిమెంటుతో పూడ్చేస్తామని చెప్పాడు. అక్క అర్థం కానట్టు నా వైపు చూసి, అతని దగ్గరికి వెళ్ళింది.

"పూడ్చటం దేనికి నాయనా? అట్టా వదిలెయ్యి. తతిమ్మాది నేను చూసుకుంటా."

వదలకూడదండీ, అది రూలు, కింది నీళ్ళూ పై నీళ్ళూ కలిసిపోతాయి అన్నాడు. పైగా ఇంత సన్నటి బెజ్జంలో మోటారు పట్టదన్నాడు. అది నిజమే. అయితే పక్కనే పెద్ద బోరు వేయించుకుంటామన్నాను. రాగి సర్వే అయ్యేదాకా, ఈ చేల చుట్టూ కంపెనీ హద్దు జెండాలు పాతిన మేర కొత్త బోర్లకి పర్మిషన్ రాదన్నాడు. సర్వే ఎప్పుడవుతుందని అడిగితే తనకి తెలియదన్నాడు. మిరపచెట్టు మీ సర్వే కోసం పూత ఆపుకుని కూర్చోదన్నాను. అప్పుడతను నా స్కూటర్ వైపు చూశాడు.

"మేడమ్, మీరొచ్చింది దాని మీదే కదా. దాని మోటార్‌లో రాగి ఎక్కడో ఒకచోట తవ్విందేగా?"

"తవ్వండి. వద్దన్నానా? మా అక్క నీళ్ళకి సిమెంటు పోస్తే గానీ నా బండి కదలదా?"

"పోయకపోతే నా ఉద్యోగం ఉండదండీ."

అంతే. అతను మళ్ళీ రాళ్ళ పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయాడు. క్లాసులో డిమాండ్ గీతా సప్లై గీతా గీసి, అవి కలిసే చోట చుక్క పెట్టడం ఇన్నేళ్ళుగా నేర్పుతున్నాను. ఆ చుక్క కింద ఎవరి చేను ఉంటుందో ఏ పిల్లాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. సిమెంటు పాలు పోస్తుంటే నీళ్ళు వాటిని పైకి తోసేశాయి. ఇంకా చిక్కగా కలిపి పోశారు. తోసుకొచ్చింది. మళ్ళీ పోశారు. ఈసారి ఆగింది. అక్క ఆ ఛాయలకి రాలేదు, ఇంట్లో పప్పు ఏరుతూ కూర్చుంది. ఆ సాయంత్రం పొదిలి వెళ్ళి, అక్క చేలో బోరు వేయమని బోరు బండి యజమానిని బతిమాలాను. జెండాలున్న చోటికి వస్తే ఆఫీసర్లు బండి లాక్కుపోతారమ్మా, మీరేమన్నా విడిపిస్తారా అన్నాడు.

తర్వాతి వారం వెళ్ళేసరికి అక్క బోరు గంట కూడా పోయడం లేదు. రాయిలో రాగి బాగానే ఉందని, పక్క చేలల్లో ఇంకా బెజ్జాలు వేస్తారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. అక్క అవేవీ వినిపించుకోలేదు. అన్ని చెట్లూ సగం సగం తాగి చచ్చే బదులు కొన్నన్నా బతకనీ అని, ఒక్క ఎకరమే ఉంచుకుంటానంది. బోరు దగ్గరి ఎకరం ఉంచుకుని, కింది రెండెకరాలు వదిలేస్తుందట. కింది చేలోనే పిందె బాగుంది కదే, అది ఉంచుకోమని వాదించాను. అంత దూరం నీళ్ళు పోవంది. వంగి వాల్వు తిప్పింది. డ్రిప్పు పైపుల్లో మిగిలిన నీళ్ళు కింది సాళ్ళలో కాసేపు బొట్లు బొట్లుగా కారి ఆగిపోయాయి. అవి ఆగేదాకా నిలబడి చూసింది.

"పద, గొర్రెలోళ్ళకి కబురు చెయ్యాల. ఆకు పచ్చగా ఉండంగానే మేపుకుంటారు" అని చెప్పులు వేసుకుంది.