లాభం అని మొదలుపెట్టిన వాసంతి

ఈపూరు దాటాక బస్సు టైరు పోయింది. దిగి టీకొట్టు బెంచీ మీద కూలబడ్డాను. పక్కన ఒకావిడ కనపడ్డ వస్తువుకల్లా వేలు చూపిస్తోంది. "ఉన్ తావొలో. ఉనా సేదియా. ఉనో స్పెక్కియో."

ఓడరేవుల్లో తిరిగిన చెవి, ఊరుకోదు. "ఇటాలియనా అమ్మాయ్?"

"అవును తాతా. బల్ల మగదంట, కుర్చీ ఆడదంట. ఆ అద్దం కూడా మగదేనంట, ఇదేం చోద్యం! ‘ఒక’ అనాలంటే మగదానికి ఉన్, ఆడదానికి ఉనా. అద్దానికేమో ‘స్’కి ఒత్తు తగిలిందని ఉనో."

పేరు వాసంతి. వినుకొండలో వాళ్ళ నాన్నది బియ్యం, పప్పుల కొట్టు. చిన్నప్పటి నుంచీ మానిక పట్టిన చెయ్యి. ఆయన పోయాక కొట్టు మూతబడింది, ఈమె ఆసుపత్రిలో ముసలివాళ్ళని కనిపెట్టుకునే పనిలో చేరింది. ఇప్పుడు ఇటలీలో ఒక పెద్దావిడకి తోడుండే ఉద్యోగం దొరికేట్టుంది. ఆ ఇంటి కూతురు ఇవాళే వీడియోలో మాట్లాడి తేలుస్తుంది. అందుకే నరసరావుపేటలో భాష నేర్పే మాస్టారి దగ్గరికి ప్రయాణం.

"ఉన్, ఉనా మింగేస్తన్నావని మాస్టారు ఒకటే సణుగుడు. మనకి బల్లంటే బల్లేగా తాతా!"

నిజమే. మనకి ‘ఒక’ అనేది కథలో రాజుగారికి కావాలి గానీ టీగ్లాసుకెందుకు?

ఇంతలో ఫోను మోగింది. చెప్పిన వేళకంటే ముందే. వాసంతి మొహం పాలిపోయింది.

"ఎత్తమ్మా, ఏమవుద్ది!" అన్నాను.

తెర మీద కళ్ళజోడు ఆవిడ. ఎదురుగా ఏముందని అడిగింది. "ఉన్ తావొలో." బాగానే చెప్పింది. దాని మీద గ్లాసులెన్ని? వాసంతి వేలు పెట్టి లెక్కపెట్టింది. "లాభం, దుయె, త్రే."

నాలిక కరుచుకుంది.

"లాభం?" అందావిడ.

కొలతలో మొదటి మానికని ఒకటి అనరు, లాభం అంటారు. అది చెప్పాలని వాసంతి గాలిలో మానిక నింపింది, ఒంపింది, దణ్ణం పెట్టింది. ఆ హడావుడిలో ఉన్‌లూ ఉనాలూ ఎటు పోయాయో!

ఆవిడ ఫోను పక్కకి తిప్పింది. మంచంలో ముసలావిడ దుప్పటి మీద వేళ్ళు ఆనించి "లాభం, దుయె, త్రే" అని బోసినోటితో నవ్వింది. మళ్ళీ నవ్వింది.

కాగితాలు పంపిస్తాం, రమ్మంది కూతురు. అమ్మ ఒకప్పుడు టీచరమ్మ, ఉన్‌లూ ఉనాలూ ఆమే దిద్దుకుంటుందట.

ఇంకో టీ చెబుదామని నేను కొట్టువైపు తిరిగానో లేదో, వాసంతి రోడ్డు దాటేసింది.

"అమ్మాయ్, బస్సు ఇటేగా!" కండక్టరు కేకేశాడు.

ఇక మాస్టారితో పనేముంది, ఆమె ఇంటికి, వినుకొండ వైపు నడుస్తోంది. ఎదురొచ్చిన గేదెకి వేలు చూపించి "ఉనా..." అంది. పేరు తట్టక నవ్వుకుంటూ సాగిపోయింది.