పందితోలు పడని గిన్నె

ఇమ్మకొలాతా మాంసం మానేసింది పుణ్యం కోసం కాదు, ఒంటికి పడకా కాదు. ఏడాదంతా తన చేత్తో మేత పెట్టి పెంచిన పందిని జనవరిలో అత్తగారు కోయించింది. ఆనాటి నుంచి ముట్టలేదు, అంతే. ఎవరినీ తినవద్దని అనలేదు. అయినా ఇటలీలో వెసూవియో అగ్నికొండ కింద ఆ వాడలో అదో నేరమైపోయింది.

అసలు పేచీ బంగాళాదుంపల పాస్తా దగ్గర వచ్చింది. పాస్తా పొట్లాల అడుగున మిగిలిన గొట్టాలూ, గవ్వలూ, విరిగిన తీగలూ సొరుగులో పోగేసి, దుంపలతో, క్యారెట్లతో ఒకే గిన్నెలో ఉడికించే వంట అది. అందులో పందితోలు ముక్క పడకపోతే అత్తగారు ఫిలొమేనా దృష్టిలో అది వంటే కాదు.

"తోలు పడని గిన్నె నా పొయ్యెక్కదు," అందామె ఆ గురువారం.

"శుక్రవారాలు మీరూ వెయ్యరుగా అత్తా?"

"అది దేవుడి కోసమే! మిగతా రోజులు ఎవరి కోసం మానాలి?"

"నా కోసం."

ఈ రోజు తగ్గితే జన్మంతా ఓ మూల కూర్చుని ఎండు రొట్టె నమలాల్సిందేనని ఇమ్మకొలాతాకు తెలుసు. సరుకులన్నీ గిన్నెలో వేసుకుని, చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఎండాకాలంలో వాడంతా ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు సీసాల్లో నింపి ఉడకబెట్టుకునే ఇటుకల పొయ్యి ముంగిట్లో ఉంది. దాన్ని రాజేసింది.

మొగుడు ఆనియెల్లో పైనుంచి తొంగిచూశాడు. "పైకి రావే, నలుగురూ చూస్తున్నారు!"

"చూడాలనే దిగాను."

ఉల్లిపాయ, క్యారెట్, దుంపలు నూనెలో మగ్గించింది. తోలుకు బదులు గట్టి చీజ్ అంచు చెక్కు పడేసింది. నీళ్లు పోసి, మందపాటి పాస్తా ముందు, సన్నవి తర్వాత వేసింది. చివర్న పొగ పెట్టిన చీజ్ కలిపి మూత పెట్టింది. వాసనకు కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఫిలొమేనా పళ్లెం పట్టుకుని దిగింది. మూత తీసి గరిటెను గిన్నె నడిమధ్య గుచ్చి వదిలేసింది. అది పడిపోతే వంట చెడినట్టే ఆ వాడలో. గరిటె నిటారుగా నిలబడింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

"నోట్లో పెట్టకుండానే తెలిసిందా అత్తా?"

కిటికీల్లోంచి నవ్వులు వినిపించాయి. ఫిలొమేనా మొహం ఎర్రబడింది. పళ్లెం చాపింది. ఇమ్మకొలాతా గరిటె ముట్టుకోలేదు.

"రేపటి నుంచి తోలు పడని ఈ గిన్నె మన పొయ్యే ఎక్కుతుంది, శుక్రవారమైనా కాకపోయినా. సరేనంటేనే వడ్డిస్తాను."

"చల్లారిపోతోందే!"

"చల్లారనీ."

ఇద్దరూ కదల్లేదు. ఆవిరి తగ్గుతోంది. చల్లారిన పాస్తా తినడం ఫిలొమేనా పుట్టాక ఎరగదు.

"ముందు వడ్డించు," అంది చివరికి, పళ్లెం ఇంకాస్త ముందుకు తోసి. "గిన్నె మాత్రం నేను మొయ్యను. నువ్వే పైకి తెచ్చుకో."