నల్లబెల్లం ఫొటో

చిన్న వ్యాపారాల ప్రచారానికి ఫొటోలు తీయడమే నా పని. అనకాపల్లిలో చీరల కొట్టు వాళ్ల నుంచి పచ్చళ్లు పెట్టేవాళ్ల దాకా అందరూ నా దగ్గరికే వస్తారని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు మా బావ బెల్లం దగ్గర దిగిపోయింది.

బావది కె. కోటపాడు దగ్గర పల్లె. అక్కా అతనూ సొంత చెరకు ఆడించి, రంగు తేల్చే మందు కలపకుండా బెల్లం వండుతారు. మందు పడకపోతే బెల్లం నల్లగా దిగుతుంది. మా మార్కెట్లోనేమో రంగు చూసే వేలం పాట పెడతారు, పచ్చగా మెరిసేదానికే గిరాకీ. బావ దిమ్మల్ని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి విశాఖలో సేంద్రియ సరుకుల కొట్టు నడిపే ఒకావిడ ఫొటోలు పంపమంది. ఆవిడ కూడా వద్దంటే చెరకు తీసేసి సరుగుడు వేసేస్తానని బావ తేల్చి చెప్పాడు. సరుగుడు మొక్కలు అమ్మే ఆయనకు మాట కూడా ఇచ్చేశాడు.

ఇంకేముంది, రెచ్చిపోయాను. లైట్లు, అరిటాకులు, వెనకాల తెల్ల దుప్పటి. తీరా చూస్తే దిమ్మలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి! బావకు తన బెల్లం చూపించడానికి సిగ్గేసి, మార్కెట్లో తెలిసిన షావుకారు దగ్గర నాలుగు దిమ్మలు అడిగి తెచ్చాడట. నిజం చెప్పొద్దూ, నాకూ అవే బాగున్నాయనిపించింది. పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టినట్టు ముస్తాబు చేసి పంపేశాను.

సాయంత్రానికే ఆవిడ ఫోను. మందు వేయలేదన్నారు కదా, ఈ రంగు ఎలా వచ్చింది, మాకొద్దు అని పెట్టేసింది. నా ముఖం మాడిపోయింది. జరిగింది ఒప్పుకుంటూ మెసేజ్ పెట్టి, ఒక్క రోజు ఆగమని బతిమాలాను.

మర్నాడు లైట్లు ఇంట్లోనే వదిలేసి బావావాళ్లు బెల్లం వండేచోటికి వెళ్లాను. పెనంలో పాకం కుతకుతలాడుతోంది. పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తున్న అక్క నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుంది. చీర మార్చుకుని వస్తానంది. వద్దంటే వద్దన్నాను. బావ అయితే మండిపడ్డాడు.

"నల్లబెల్లం అందరికీ సూపించి పరువు తీత్తావేటి బావా? నన్ను మాత్రం తియ్యకు" అని చెరకు మోపుల వెనక్కి వెళ్లిపోయాడు.

తీశాను! పొగ, చెమట, అక్క చేతి మీద కాలిన మచ్చ, తొట్టిలో పోసిన ముదురు రంగు పాకం, ఒక పక్కకు ఒరిగిన దిమ్మలు. ఏదీ సర్దలేదు, ఏదీ దిద్దలేదు. ఇన్నేళ్లలో ఏ ఫొటోకీ నాకంత ఉత్సాహం రాలేదు. అక్కడే నిలబడి పంపేశాను.

పావుగంటకు ఫోను మోగింది. స్పీకరు పెట్టాను. ఆ పెనం దగ్గరున్నావిడ ఎవరని అడిగింది కొట్టావిడ. అక్క ఫోను దగ్గరికి వంగి, "నానేనండి" అంది.

"మీరు వండిందంతా మాకే ఇవ్వండమ్మా. ఈ ఫొటో మా కొట్టు గుమ్మంలో పెట్టుకుంటాం."

అక్క పిప్పి మీద కూలబడి నవ్వుతూ ఏడ్చేసింది. నేను గంతులేసినంత పని చేశాను.

మోపుల వెనక నుంచి బావ వచ్చాడు. ముందు సరుగుడు మొక్కలాయనకు ఫోను చేసి వద్దని చెప్పాడు. తర్వాత మేకుకు తగిలించిన ఇస్త్రీ చొక్కా వైపు చెయ్యి చాపి, ఆగాడు. మసి బనీనుతోనే వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడు నన్నూ తియ్యి బావా" అన్నాడు.