అమ్మ నోట్లో బాపు ఉంగరం

మా అమ్మ ముందు పన్ను ఊడగొట్టింది మా ఇంటి బర్రె. అప్పట్లో పటాన్‌చెరులో ఇంటికో బర్రె ఉండేది, బర్రెకో పొగరు ఉండేది. దూడను విప్పబోతే అది తల విసిరింది. పై వరస ముందు పన్ను సగానికి విరిగి, చిగురు వాచి, చీము పట్టి, ఆఖరికి మిగిలిన ముక్కను కూడా తీయించాల్సి వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త అది. అమ్మకింకా నలభై నిండలేదు. నాకు పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయి హత్నూరకు కాపురానికి పోయి ఏడాది దాటింది కానీ, ఏదో వంకతో నెలకోసారి పుట్టింట్లో వాలేదాన్ని.

బాపు అంటే మా నాన్న. బడిపంతులు. నిజాం కాలంలో ఉర్దూలో చెప్పిన పాఠాలనే తర్వాత తెలుగులో చెప్పాడు. అచ్చులో ఉన్న మాటను నమ్మేవాడు, డాక్టరు చెప్పిన మాటను ఇంకా నమ్మేవాడు. పన్ను పోయిందని అమ్మ కంటే ఆయనే ఎక్కువ బాధపడ్డాడు. "రొట్టె పక్క పండ్లతోని నములుత తియ్యి, దానికింత రంది ఎందుకు?" అని అమ్మ కొట్టిపారేసింది. బాపు మాత్రం వారం రోజులు మథనపడి, ఒక గురువారం పొద్దున అమ్మనూ నన్నూ బస్సెక్కించి సంగారెడ్డి తీసుకుపోయాడు. ఇంటికి కాపలా మా మేనత్త. బాపుకు అక్క. చిన్నప్పుడే మొగుడు పోయి, అప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉండి, ఇల్లంతా తన మాట మీద నడిపించే మనిషి. ఆమె దగ్గితే నేను చేతిలో పని వదిలేసి నిలబడేదాన్ని.

సంగారెడ్డి బజారులో ఒక మేడ మీది గదికి ప్రతి గురువారం హైదరాబాద్ నుంచి దంతాల డాక్టరు వచ్చేవాడు. నెరిసిన గడ్డం, తెల్లని షేర్వానీ, సగం ఉర్దూ సగం తెలుగు. కాలితో తొక్కితే గిరగిర తిరిగే మిషను ఒకటి ఆయన ఆస్తి. పోయిన పన్ను ఒంటరిగా నిలబడదని, అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళకు బంగారు తొడుగులు వేసి, వాటి నడుమ తెల్లని పన్ను అతికిస్తానని, దాన్ని బ్రిడ్జి అంటారని బాపుకు చెప్పాడు. బాపు తల ఊపుతూనే ఉన్నాడు. అమ్మ ఊపలేదు.

"పోయింది ఒక్కటి గద సాబ్, మంచిగున్న రెండిటిని ఎందుకు అరగదీసుడు?" అని అడిగింది.

"టోపీ పెట్టాలంటే తల జెర సన్నగ చెయ్యాలె అమ్మా. పరేషాన్ గావొద్దు," అన్నాడు డాక్టరు.

అమ్మ నా వైపు చూసింది. నేనేమో నాలుగు తరగతులు చదివిన తెలివితో, "డాక్టర్ సాబ్‌కు తెల్వదా అమ్మా," అన్నాను. బాపు, "నేనున్న గద," అన్నాడు. ఇద్దరం కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం.

సూది వేసినా ఆమె ఒళ్ళు బిగుసుకుపోయింది. నోరు తెరిచి ఉంది కాబట్టి ఏమీ అనలేదు. కళ్ళు మాత్రం నా మీదే పెట్టింది. గంట తర్వాత చూస్తే, బలమైన రెండు పళ్ళు జొన్న గింజలంతై కూర్చున్నాయి. తొడుగులు తయారయ్యేదాకా రెండు గురువారాలు ఆమె చల్లనీళ్ళు తాగలేకపోయింది, గాలి పీల్చినా జివ్వుమనేది.

ఆ తొడుగులకు బంగారం ఎక్కడిదో నాకొక్కదానికే తెలుసు. బాపు కుడిచేతి వేలికి, మొదటి జీతంతో చేయించుకున్న ఉంగరం ఉండేది. ఆ వేలు బోసిగా, తెల్లని గీతతో కనబడి నేను అడిగితే, "మీ అత్తకు చెప్పకు, లొల్లి జేస్తది," అని నవ్వాడు. ఆయనకు నవ్వులాటే. మేనత్త అడిగినప్పుడు కాలువలో పడిందని చెప్పి, నాలుగు తిట్లు తిని ఊరుకున్నాడు.

బ్రిడ్జి బిగించి తెచ్చిన రోజు మా వాకిలి నిండా ఆడవాళ్ళే. "ఏందక్కా, నోరు తెరిస్తె పొద్దు పొడిసినట్టున్నది!" అని ఒకామె, "ఇగ మాతోని మాట్లాడుతవా మరి?" అని ఇంకొకామె. అమ్మ సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే వచ్చిన ప్రతి వాళ్ళకూ చూపించింది. బాపు వేయించిన పల్లీలు తెచ్చి ముందు పెట్టి, "కొరుకు, అందరు సూడనీ," అన్నాడు. అంత మందిలో అమ్మ ఆయన మాట విని కొరకడం నేను చూసింది అదొక్కసారే. నాకు ఆ రోజు చాలా గొప్పగా అనిపించింది, ఆ తెలివంతా నాదే అయినట్టు.

ఏడాది తిరగకుండానే బాపు పోయాడు. పట్టపగలు, బడిలో, పాఠం నడుమ ఛాతీ పట్టుకొని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు.

మా వైపు మొగుడు పోయిన ఆడదాని ఒంటి మీది పుస్తెలు, మెట్టెలు, గాజులు పదో రోజు చెరువు దగ్గర తీసేస్తారు. ఆ పదిరోజులూ ఆమె గడప దాటకూడదు. ఎనిమిదో రోజు సాయంత్రం కులపెద్ద వచ్చి అరుగు మీద కూర్చొని, ఏం కావాలో, ఎవరెవరు రావాలో మాట్లాడుతున్నాడు. ఆడవాళ్ళం తలుపు వెనక ఉన్నాం. ఉన్నట్టుండి ఒక ముసలామె, "నోట్లె బంగారం సంగతేంది మరి?" అంది.

కులపెద్ద తేలిగ్గా తీసిపడేశాడు. "అది దవాఖాన పని. పన్ను పన్నే. దాని జోలికి పోకుండ్రి," అన్నాడు. మేనత్త ఏమీ అనలేదు. ముసలామె కూడా మూతి తిప్పుకొని ఊరుకుంది. సంగతి అక్కడితో అయిపోయింది. నిజంగా అయిపోయింది. నేను నోరు మూసుకొని ఉంటే చాలు.

మూసుకోలేదు. ఆ వారమంతా ఏడ్చి ఏడ్చి ఉన్నాను. బాపు గురించి ఒక మంచి మాట అందరి ముందూ చెప్పాలనిపించింది. మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తకుండా చేద్దామనీ అనుకున్నాను. తలుపు దాటి వచ్చి, "అది ఒట్టి బంగారం గాదు తాతా. బాపు వేలి ఉంగరం. బాపు తన చేతితోని తీసిచ్చి అమ్మకు పెట్టిచ్చిండు. దాన్ని గట్లనే ఉండనియ్యుండ్రి," అన్నాను.

కులపెద్ద తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మొగడు పెట్టిన బంగారమా?" అన్నాడు మెల్లగా. "గట్లయితె పన్నెట్లయితది బిడ్డా? పుస్తె లెక్కనే గద."

"తియ్యాలె," అంది మేనత్త లోపలి నుంచి. ఉంగరం కాలువలో పడలేదని ఆమెకు తెలిసింది కూడా అప్పుడే. ఇక ఆమె మాటకు అడ్డం పోయేవాళ్ళు మా ఇంట్లో లేరు. ఉన్న ఒక్కడూ పోయాడు.

మరునాడు గురువారం. నేనొక్కదాన్నే బస్సెక్కి సంగారెడ్డి పోయాను. డాక్టరు అంతా విన్నాడు. తొడుగులు ఊరికే లాగితే లోపలి పళ్ళు ఊడి వస్తాయని, తీసినా వెంటనే ఇంకేదైనా కప్పకపోతే ఆ రెండూ దక్కవని చెప్పాడు. "స్టీలు తొడుగులు ఏస్త. స్టీలుకు మీ పెద్దలు ఏమనరు గద? మీ అమ్మను తోల్కరా," అన్నాడు.

"రేపటిదాక ఇల్లు కదలరాదు సాబ్. మీరే రాండ్రి."

ఆయన మెట్ల మీద బారు తీరి కూర్చున్న జనాన్ని చూపించాడు, గదిలో నేలకు బిగించిన మిషనును చూపించాడు. "వచ్చే గురువారం తోల్కరా," అన్నాడు. తర్వాత నా మొహం చూసి జాలిపడ్డాడేమో, ఒక కాగితం మీద పన్ను బొమ్మ గీసి, "ఆగకపోతె, తీసేటాయనకు చెప్పు. గుంజొద్దు. తొడుగును నిలువుగ కోసి, ఇప్పి తియ్యాలె. గుంజొద్దు," అని రెండుసార్లు అన్నాడు.

దారి పొడుగునా ఆ కాగితం పట్టుకొని కూర్చున్నాను. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోటంతా అప్పుడు జొన్న చేలు. ఆ చేలను చూస్తూ, ఒక్క వారం అడిగితే ఎవరు కాదంటారులే అనుకున్నాను. కాదన్నారు. "దినం వారం ఆగుతదా?" అన్నాడు కులపెద్ద. మేనత్త కాళ్ళు పట్టుకున్నాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. చివరికి మూలన గోడకానుకొని కూర్చున్న అమ్మ దగ్గరికి పోయి, "నువ్వన్న చెప్పమ్మా, నొప్పి లేస్తదని చెప్పు," అని బతిమాలాను.

"నేనేం జెప్పాలె బిడ్డా," అంది అమ్మ. "రేపటి సంది వీల్ల నడుమనే గద నేను బతకాలె."

ఆమెకు నా మీద కోపం లేదు. అదే నాకు భరించరానిదైంది. రెండు తిట్టినా బాగుండేది.

పదో రోజు పొద్దున పెరట్లోకి కంసాలి వచ్చాడు. మా వైపు ఔసలాయన అంటాం. అమ్మ పుస్తెలు చేసింది కూడా ఆయనే. "గీ పని నేనెన్నడు జెయ్యలే," అని ముందే చెప్పాడు. నేను కాగితం చూపించాను. ఆయన చదవలేడు కానీ బొమ్మ అర్థమైంది. అమ్మను పీట మీద కూర్చోబెట్టి, తల నా ఒడిలో పెట్టించి, సన్నని రంపంతో మొదటి తొడుగును నిలువుగా కోశాడు. చేతిలో పనితనం ఉన్నవాడు. శనగ పొట్టు విప్పినట్టు విప్పాడు. లోపల జొన్న గింజంత పన్ను అట్లాగే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో బయటి నుంచి పిలుపులు మొదలయ్యాయి. ఎండెక్కుతోందని, చెరువు దగ్గర మగవాళ్ళు ఎదురుచూస్తున్నారని ఒకరి తర్వాత ఒకరు. మేనత్త తలుపు దగ్గరికి వచ్చి, "అయిందా?" అంది. ఔసలాయన తొందరపడ్డాడు. రెండో తొడుగు మీద రంపం జారి చిగురు కోసుకుంది, నెత్తురులో ఏమీ కనబడలేదు. ఆయన రంపం పక్కన పెట్టి పట్టుకారు తీశాడు.

"గుంజొద్దన్నడు! గుంజొద్దు!" అని అరిచాను.

ఒక్క గుంజు. బంగారం, దాని నడుమ తెల్లని పన్ను, దాని పక్కన అమ్మ సొంత పన్ను వేరుతో సహా వచ్చేశాయి. నా మణికట్టులో అమ్మ గోళ్ళు దిగాయి. ఔసలాయన దాన్ని తడిగుడ్డ మీద మేనత్త ముందు పెట్టి, చేతులు కడుక్కొని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. నోట్లో గుడ్డ కుక్కుకొని అమ్మ చెరువుకు నడిచింది.

తర్వాతి గురువారం తీసుకుపోయేసరికి ఆ మిగిలిన జొన్న గింజ కూడా చీము పట్టి ఉంది. డాక్టరు దాన్ని తీసేశాడు. ఒక పన్ను పోయిన మనిషికి మేమంతా కలిసి ఇంకో రెండు పోగొట్టాం. స్టీలు తొడుగు వేయడానికి ఇక అక్కడ ఏమీ లేదు.

ఆ రోజుల్లో నేను మేనత్తతో మాట మానేశాను. ఆమె పిలిస్తే పలకలేదు, పెడితే తినలేదు. ఒక మధ్యాహ్నం వంటింట్లోకి పోతే ఆమె పొయ్యి ముందు కూర్చొని, జొన్నరొట్టెను తుంపి, వేడి పాలు పోసి, అరచేత్తో మెత్తగా పిసుకుతోంది. అమ్మ కోసం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమెకు ఎదురు మాట్లాడటం నా జన్మలో అదే మొదలు.

"ఇప్పుడు పిసికి పెడ్తె పండ్లొస్తయా? నువ్వు ఒక్క మాటంటె వారం ఆగెటోల్లు. నువ్వెందుకనలే?"

ఆమె తల ఎత్తలేదు. చెయ్యి ఆపలేదు.

"నాకు పన్నెండేండ్లప్పుడు తీసిన్రు," అంది. "పుడక రాకపోతె గుంజిన్రు. ముక్కు చీలింది. నా మొగని మొఖం సుత నాకు యాదికి లేదు."

ఆమె ముక్కు మీద గాటు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అమ్మవారు పోసినప్పటి మచ్చ అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

"మీ అమ్మకు ఉంచొచ్చంటె," అంది మేనత్త, "మరి నాకెందుకు తీసినట్టు బిడ్డా?"

ఆమె చెయ్యి గిన్నె అంచుకు తుడుచుకొని, గిన్నె నా చేతికిచ్చింది.

"సల్లారకముందె తీస్కపో," అంది.