తొలి ముద్ద

ఆ రోజు చెరుకు రసంలో సున్నం ఎక్కువ వేసింది నేనే. ఆ మాట చెప్పడానికి నాకు పదహారేళ్లు పట్టింది.

చందూర్ దగ్గర మా తోటలో బెల్లం వండడానికి పనివాడు ఒకాయన వచ్చేవాడు. మరిగే పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్లతో ముద్ద చేసి చూసేవాడు. కుదిరిన తొలి ముద్దను మా నాన్నకు కాకుండా, పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే కూలి అవ్వ చేతిలో పెట్టేవాడు.

"నేనీడ నిలవడితే ముందుగాల గామెకేందిరా?" అని నాన్న ఉరిమేవాడు.

"మంట కాడ కాలేది ఆమెనే గద పటేలా" అని ఆయన నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన సద్ది తినడానికి వెళ్లాడు. ఇరవై ఏళ్లవాణ్ణి, నాకూ పని తెలుసన్నట్టు, రసం తేటపడాలని వేసే సున్నం ఇంకో దోసెడు కలిపాను. బెల్లం నల్లగా దిగింది.

"తాగి వండినవేందిరా?" నాన్న అందరి ముందు అరిచాడు.

ఆయన నా చేతికంటిన సున్నం చూశాడు. చెప్పినా ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. చుట్టుపక్కల మళ్లీ ఎవరూ ఆయన్ను వంటకు పిలవలేదు. అంతటి పనివాడు చెరుకు కొట్టి బతికాడు.

నాన్న పోయాక, నిరుడు ఆయన్ను పిలిపించాను.

"మళ్ల నల్లగైతదేమో, చిన్న పటేలా" అన్నాడు. అయినా వండాడు. తొలి ముద్దను ఈసారి పొయ్యి ఎగదోస్తున్న కూలి ఆమె చేతిలోనే పెట్టాడు.

అప్పుడు కూలీలందరూ వినేలా చెప్పాను. "గా దినం సున్నం నేనేసిన. ఇన్నేండ్లు నిన్ను అరే ఒరే అనుకుంటనే దాసిన. తప్పు నాది. మాఫ్ చెయ్యి, అన్నా."